రోజుకొక రాక్ పాట: ఇంటి రికార్డింగు నేర్పే చదువు

ఒకరు పాడిన పాటను మరొకరు తిరిగి పాడి రికార్డు చేస్తే దాన్ని ‘కవర్’ అంటారు. ఈ మాట వినగానే మనలో చాలామంది “ఓహో, కాపీయా!” అని పెదవి విరుస్తారు. పరీక్ష హాలులో కొట్టే కాపీ వల్ల రానిది వచ్చినట్టు కనిపిస్తుంది. పాటను కాపీ చేయబోతే మాత్రం, వచ్చుననుకున్నది రాదని బయటపడుతుంది.

1958లో లివర్‌పూల్‌లో క్వారీమెన్ అనే బృందం, ఒక ఇంట్లో నడిచే చిన్న స్టూడియోకి వెళ్లి, బడీ హాలీ పాట ‘దట్ల్ బి ద డే’ను తామూ పాడి డిస్కుకి ఎక్కించుకుంది. అందులో లెనన్‌కి 17, మెకార్ట్నీకి 16, హారిసన్‌కి 15 ఏళ్లు. అంటే మన ఇంటర్ కుర్రాళ్ల ఈడన్నమాట! తర్వాత బీటిల్స్‌గా ప్రపంచానికి తెలిసింది ఈ ముగ్గురే. ఉన్నది ఒక్కటే డిస్కు కనుక వంతులవారీగా తీసుకువెళ్లి విన్నారు.

ఇంట్లోనే పాట మీద పాట పేర్చవచ్చునని గట్టిగా చూపించినవాడు అమెరికా గిటారిస్టు లెస్ పాల్. అతడూ, భార్య మేరీ ఫోర్డూ కలిసి 1940 నాటి ‘హౌ హై ద మూన్’ను 1951లో తమ పద్ధతిలో విడుదల చేశారు. టేపు మీద ముందున్న ధ్వనికి కొత్త ధ్వని కలుపుతూ పోవడం ఆ పద్ధతి. చివరి పొరలో తప్పు దొర్లితే అంతా పోయినట్టే, మళ్లీ మొదటినుంచీ. 1979లో నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం పోర్టాస్టూడియో వచ్చి ఈ బాధను చాలావరకు తగ్గించింది. నేడు జేబులోని ఫోనే ఆ పని చేస్తోంది.

పోతే, రోజూ ఎందుకు? వాయించేటప్పుడు మన చెవి మన వేళ్లు చేసినదాన్ని కాక, చేయదలచుకున్నదాన్ని వింటుంది. రికార్డు ఆ మొహమాటం చూపదు. లయ ఎక్కడ పరుగెత్తిందో, గొంతు ఎక్కడ జారిందో వెంటనే చెబుతుంది. పైగా మన గొంతు మనకు ఎముకల ద్వారా కూడా వినపడుతుంది కనుక, రికార్డులో విన్నప్పుడు “ఇది నేనేనా?” అనిపిస్తుంది. నాలుగు రోజులకి అలవాటవుతుంది లెండి. రాత్రి పడుకునేలోగా ముగించాలని నియమం పెట్టుకుంటే, పాటలో ఎముక ఏది, నగ ఏది అన్నది తేల్చుకోక తప్పదు. తీరిక లేనినాడు ఒక్క చరణం చాలు. ముందు లయకు గిటారు, తరువాత బేస్, ఆపైన గొంతు. గోడకి దుప్పటి వేలాడదీస్తే గది మోత తగ్గుతుంది. (హాస్టల్లో పక్క గదివాళ్ల ఓర్పూ కొంత కలిసివస్తుంది!) ఎంత చెడ్డగా వచ్చినా తేదీ వేసి దాచుకోండి, చెరిపేయకండి.

ఇలా చెవి పెట్టినవారికే దొరికే సంగతులున్నాయి. బీటిల్స్ 1967లో విడుదల చేసిన ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ను హార్మోనియం శ్రుతికి సరిచేసిన గిటారుతో పట్టుకోబోయారనుకోండి. అది ఏ మెట్టు మీదా కూర్చోదు, రెండు మెట్ల నడుమ నిలుస్తుంది. గిటారు తప్పేమోనని బిరడాలు తిప్పి తిప్పి విసిగిపోతాం. అసలు సంగతేమిటంటే, వేర్వేరు శ్రుతుల్లో, వేర్వేరు వేగాల్లో పాడిన రెండు రికార్డింగులను టేపు వేగం మార్చి, సుమారు ఒక నిమిషం దగ్గర అతికారు. వందసార్లు ఊరికే విన్నవారికి కనపడని అతుకు, ఒక్క సాయంత్రం వాయించబోయినవారికి కనపడుతుంది.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. మన కాపీరైటు చట్టంలో 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షను ప్రకారం, పాట మొదట రికార్డయిన ఏడు ముగిశాక ఐదేళ్లు గడిస్తేనే కవర్ రికార్డు తెచ్చే హక్కు లభిస్తుంది. దానికీ ముందుగా నోటీసు ఇచ్చి రాయల్టీ చెల్లించాలి. ఇంట్లో అభ్యాసానికి చేసుకున్నదాన్ని అమ్మకానికో, నలుగురిలో పంచడానికో పెట్టేముందు ఇది తెలిసి ఉండాలి.

మొదలుపెట్టేవారికి ఆ బడీ హాలీ పాటే నయం. గిటారు మీద నాలుగు పట్టులు, అంటే కార్డ్స్, వస్తే నడిచిపోతుంది. మొదట్లో వచ్చే గిటారు ముక్క మాత్రం ఓ వారం సతాయిస్తుంది.