వెలుగు ఎవరి మీద పడింది?

తమ్ముళ్లారా! బొమ్మను చూడడం కూడా ఒక చదువే. ఏది వెలుగులో ఉంది, ఏది నీడలో ఉంది అని వెతికితే చిత్రకారుడి మనసు తెలుస్తుంది. దీనికి మంచి ఉదాహరణ డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ (1606-1669) వేసిన 'తప్పిపోయిన కుమారుని రాక'.

కథ: ఇది లూకా సువార్త 15వ అధ్యాయంలోనిది. చిన్న కొడుకు తన వాటా ఆస్తి తీసుకుపోయి, అంతా పాడుచేసి, పందులు మేపి, చివరకు ఆకలితో ఇంటికొస్తాడు. తండ్రి పరుగెత్తి వెళ్లి కౌగిలించుకుంటాడు. పెద్ద కొడుకు కోపంతో ఇంట్లోకి రాడు.

చిత్రం: సుమారు 1668లో వేసిన తైలవర్ణ చిత్రం. ఎత్తు 262 సెంటీమీటర్లు, వెడల్పు 205. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. రెంబ్రాంట్ 1656లో దివాళా తీశాడు. 1642లో భార్య, 1668లో కొడుకు టైటస్ చనిపోయారు. ఆ దుఃఖం తెలిసిన చెయ్యి ఈ బొమ్మ వేసింది.

వెలుగు: చిత్రంలో దీపం ఎక్కడా కనిపించదు. అయినా తండ్రి ముఖం మీద, కొడుకు వీపు మీద ఆనిన ఆయన రెండు చేతుల మీద వెలుగు పడుతుంది. కొడుకు ముఖం మనకు సరిగా కనిపించదు. గొరిగిన తల, చిరిగిన బట్టలు, చెప్పు జారిన పాదం కనిపిస్తాయి. అతని కష్టమంతా ఆ అరికాలే చెబుతుంది.

నీడ: వెనుక ఉన్నవారు చీకట్లో కలిసిపోయారు. కుడివైపు చేతులు కట్టుకుని నిటారుగా నిలబడ్డవాడు అన్న అని ఎక్కువమంది అంటారు. కథలో ఆ సమయానికి అన్న పొలంలో ఉన్నాడు. రెంబ్రాంట్ అతన్ని అక్కడికి తెచ్చాడు. అతని ముఖం మీదా వెలుగుంది. కానీ అతనికీ తండ్రికీ మధ్య చీకటి ఉంది.

ఇక్కడే నేను ఆగిపోయాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. తమ్ముడు అమ్మ కూలి డబ్బులు పట్టుకుని చదువు మానేసి వెళ్లిపోయాడు. రెండేళ్లకు తిరిగొస్తే అమ్మ ఏమీ అడగకుండా అన్నం పెట్టింది. నేను గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ రాత్రి వాడితో మాట్లాడలేదు.

అన్న లోపలికి వెళ్లాడో లేదో కథ చెప్పదు. బొమ్మా చెప్పదు. ఈసారి సెలవులకు నేను ముందు వాడి పక్కన కూర్చుంటాను.

మీరూ ఈ చిత్రం దొరికితే చూడండి. ముందు చేతులు, తర్వాత పాదం, చివర అన్న ముఖం.