కోపాన్ని ఆపుదాం – గౌరవాన్ని నిలుపుదాం



ఎండాకాలంలో మన భద్రాచలం అడవుల్లో తునికాకు పని ఉంటుంది. తెల్లవారక ముందే అడవికి పోతాం. ఆకు కోస్తాం. యాభై ఆకులకు ఒక కట్ట కడతాం. కల్లానికి మోసుకుపోతాం.

అక్కడ "కట్టలు తక్కువున్నాయి" అంటారు. ఒళ్లు మండుతుంది. అప్పుడు ఏం చేయాలి? తిట్టాలా? తల వంచుకొని రావాలా?

రెండూ వద్దు. మూడో దారి ఉంది. దాని గురించి ఇస్లాం ఏం చెబుతుందో చూద్దాం.

2022లో రంజాన్ నెల ఏప్రిల్ 3న మొదలైంది. మంచి ఎండలు. ముస్లిం అక్కచెల్లెళ్లు రోజా ఉన్నారు. ఇంట్లో కడవ నిండా నీళ్లున్నాయి. అయినా పొద్దు గూకేదాకా చుక్క ముట్టలేదు. ఎవరూ కాపలా లేరు. వాళ్ల మనసే కాపలా. రోజా కడుపుకే కాదు, నోటికి కూడా. రోజాలో తిట్టకూడదు, జగడం ఆడకూడదు.

మనిషి లోపలి మనసును ఇస్లాంలో 'నఫ్స్' అంటారు. దానికి మూడు మెట్లు.

మొదటిది, చెడు వైపు లాగే మనసు.
రెండోది, తప్పు చేస్తే తనను తానే మందలించుకునే మనసు.
మూడోది, నెమ్మది పొందిన మనసు.

కుస్తీలో పడగొట్టేవాడు కాదు, కోపాన్ని ఆపుకునేవాడే బలవంతుడని మహమ్మద్ ప్రవక్త చెప్పారు. కోపం వస్తే నిలబడ్డవాళ్లు కూర్చోవాలి. తగ్గకపోతే పడుకోవాలి. నీళ్లతో వజూ చేయాలి.

సుమారు 1100 ఏళ్ల కిందట బల్ఖీ అనే పండితుడు ఉండేవాడు. ఆయనది బల్ఖ్ ప్రాంతం. అది ఇప్పుడు అఫ్ఘానిస్తాన్‌లో ఉంది. జబ్బు రాకముందే మందులు ఇంట్లో పెట్టుకుంటాం కదా! అట్లాగే మనసు బాగున్నప్పుడే మంచి ఆలోచనలు సిద్ధం చేసుకోవాలని ఆయన రాశాడు.

మనమూ సిద్ధం చేసుకుందాం. కల్లం కాడ కోపం వస్తే కూర్చుందాం. నీళ్లు తాగుదాం. కట్టలు మళ్లీ లెక్కపెడదాం. అంకె కాగితం మీద రాద్దాం. నలుగురి ముందు చదువుదాం. తిట్టు గాలికి పోతుంది. రాసిన అంకె నిలుస్తుంది.

ఓర్పును 'సబర్' అంటారు. సబర్ అంటే అన్యాయాన్ని భరించడం కాదు. ప్రవక్త కాలంలో ఖౌలా అనే స్త్రీ ఉండేది. భర్త కోపంలో "నువ్వు నాకు తల్లితో సమానం" అన్నాడు. ఆనాటి ఆచారంలో ఆ మాట అంటే ఆమె భార్య కాదు. అట్లని విడుదలా లేదు. ఖౌలా ఊరుకోలేదు. ప్రవక్త దగ్గరికి పోయి వాదించింది. ఖురాన్ 58వ అధ్యాయం ఆమె మొరతోనే మొదలవుతుంది. ఆ ఆచారం తప్పని అందులో ఉంది.

ఖౌలా కోపంతో గెలవలేదు. నోరు మూసుకొనీ గెలవలేదు. తన మాటకు విలువ ఉందని నమ్మింది. అదే ఆత్మగౌరవం.

ఇంట్లో దెబ్బలు తినడం కూడా సబర్ కాదు. 181కి ఫోను చేసి సాయం అడగవచ్చు.

చర్చించండి:
1. మీకు ఎప్పుడు ఎక్కువ కోపం వస్తుంది?
2. ఓర్పుకూ, అన్యాయం భరించడానికీ తేడా ఏమిటి?

రాయండి: నఫ్స్, సబర్, ఓర్పు, ఆత్మగౌరవం.