లాలీ అత్తయ్య మంత్రగత్తె ఎందుకైంది?

ఓ గంట ఒంటరిగా కూర్చోవాలనిపిస్తే చాలు, మనకి లోపల ఎక్కడో గిల్లినట్టుంటుంది కదూ? ఇంటెడు పని ఉంచుకుని ఇదేం బుద్ధి, నేను మంచిదాన్ని కాదేమో అని. ఈ బెంగకి మందు ఓ మంత్రగత్తె కథలో ఉందంటే నవ్వుతావేమో! టీ పోసుకుని ఇలా కూర్చో, చెబుతాను.

సిల్వియా టౌన్‌సెండ్ వార్నర్ అనే ఇంగ్లీషు రచయిత్రి 1926లో 'లాలీ విల్లోస్' అనే నవల రాసింది. అందులో లారాకి పెళ్లి కాలేదు. తండ్రి పోయాక లండన్‌లో అన్నావదినల పంచన చేరుతుంది. అప్పటినుంచీ అందరికీ ఆమె లాలీ అత్తయ్యే, లారా అన్న పేరే మరుగున పడిపోతుంది. వాళ్లేం చెడ్డవాళ్లు కారు సుమా! కొట్టరు, తిట్టరు. కుట్టుపనికి లాలీ, పిల్లల్ని కనిపెట్టుకోడానికి లాలీ, అంతే. చూస్తుండగానే ఇరవై ఏళ్లు కరిగిపోతాయి. ఇలాంటి అత్తయ్యలూ పిన్నులూ మన ఇళ్లల్లో మాత్రం లేరూ?

ఒకరోజు కొట్లో చేమంతులు కొంటుంది. వాటితో కలిపి ఇచ్చిన ఆకులు ఎక్కడివో అడిగి, చిల్టర్న్ కొండలవని తెలుసుకుని, ఆ కొండల పటం కొనుక్కుని, నలభై ఏడేళ్ల వయసులో గ్రేట్ మాప్ అనే పల్లెకి బయల్దేరబోతుంది. తీరా చూస్తే, తన డబ్బుని అన్న ఎందులోనో పెట్టి చాలా పోగొట్టాడు! (నీ పేరుమీదున్న డిపాజిట్ కాగితాలు ఎక్కడున్నాయో నీకు తెలుసా? ఈ రాత్రికే వెతుక్కో.) అయినా ఆగదు, వెళ్లిపోతుంది.

అక్కడికీ మేనల్లుడు టైటస్ వచ్చి పడతాడు, ప్రేమకొద్దీనే. దాంతో మళ్లీ పాత చాకిరీ. ఇక లాభం లేదని ఆమె సైతానుతో ఒప్పందం చేసుకుని మంత్రగత్తె అవుతుంది. ఆ తర్వాత టైటస్ పాలు ఊరికే విరిగిపోతుంటాయి, చివరికి పెళ్లి కుదుర్చుకుని అతనే ఊరు వదిలిపోతాడు. అంత మంత్రమూ దేనికి? తన బతుకు తను బతకడానికి! మనకి సైతాను అక్కర్లేదు. "ఇప్పుడు కుదరదు" అనడం నేర్చుకుంటే చాలు. మొదట్లో గొంతు వణుకుతుందిలే, అనేయ్.

అయితే చేమంతులు కొనుక్కుని ఊరు మారే వీలు ఎందరికుంటుంది? మహాశ్వేతాదేవి బెంగాలీ కథ 'బాయెన్'లో చండీదాసికి లేదు. చనిపోయిన పసిపిల్లల్ని పూడ్చడం ఆమె కులవృత్తి. ఇంట్లో తనకీ పాలు తాగే బిడ్డ ఉంటాడు, పూడుస్తుంటే రొమ్ములు చేపుతాయి. ఊరు అది చూసి మంత్రగత్తె అంటుంది. డప్పు కొట్టి చాటింది ఎవరనుకున్నావ్? కట్టుకున్న మొగుడే. నాకైతే లాలీ కంటే చండీదాసే ఎక్కువ గుర్తొస్తుంటుంది.

ఎందుకంటే ఇది మనకి ఒట్టి కథ కాదు. బాణామతి, చేతబడి అంటూ కొట్టి చంపిన వార్తలు మన పేపర్లలోనే చదివాం కదా. అందుకని, ఫలానా ఆవిడ చూపు తగిలి పిల్లాడికి జ్వరమొచ్చిందట అని ఎవరైనా మొదలెడితే నవ్వి ఊరుకోకు. "డాక్టరుకి చూపించారా?" అని అడుగు. ఆ ఫలానా ఆవిడ ఇంటికి సాయంత్రం ఓసారి వెళ్లిరా, చాటుగా కాదు, నలుగురూ చూసేలా వెళ్లు.