పక్షపాతము లేని పరీక్ష

గుంటూరు, ప్రకాశం జిల్లాలలోని నల్లరేగడి భూములలో ప్రత్తియు, మిరపయు ముఖ్యమైన పంటలు. క్రొత్త విత్తనము వచ్చినపుడు తెలివిగల రైతు పొలమంతటను దానినే వేయడు. ఒకే చేనిలో ఒక ప్రక్క క్రొత్తదానిని, మరియొక ప్రక్క పాతదానిని వేసి చూచును. నేల, నీరు, ఎరువు రెంటికిని సమానముగా ఉండవలెను. క్రొత్త విత్తనమునకు మంచి నేలను కేటాయించినచో, పంట పెరిగినది విత్తనము వలననో, నేల వలననో తేలదు.

టీకాల పరీక్షయు ఈ పద్ధతినే అనుసరించును. కాని మనుష్యుల విషయమున మరియొక చిక్కు కలదు. టీకా వేయించుకొంటినని ఎరిగినవాడు చిన్న దగ్గును లెక్కచేయకపోవచ్చును. టీకాపై నమ్మకము గల వైద్యుడు అనుమానముగా నున్న గుర్తును చూచి, ‘ఇది వ్యాధి కాదు’ అనుకొనవచ్చును. ఇది మోసము కాదు. మనస్సు యొక్క మొగ్గు. అందువలన కొందరికి టీకాను, కొందరికి టీకా లేని ద్రవమును ఇత్తురు. ఎవరికి ఏది అను సంగతి చీట్లు తీసినట్లు నిర్ణయింపబడును. సీసాలపై సంకేతములే ఉండును. పుచ్చుకొన్నవారికి గాని, పరీక్షించువారికి గాని ఆ రహస్యము తెలియదు.

క్షయ నివారణకు వాడు బి.సి.జి. టీకాను ఇట్లే పరీక్షించిరి. 1968వ సంవత్సరమున భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో, నేటి తమిళనాడులోని చెంగల్పట్టు ప్రాంతమున ఈ పనిని ప్రారంభించెను. సుమారు 2,60,000 మంది ఇందులో చేరిరి. పరిశోధకులు ఏండ్ల తరబడి గ్రామములు తిరిగి రొమ్ము ఎక్స్-రే చిత్రములు తీసిరి. చిత్రములో నీడ కనిపించినంత మాత్రమున క్షయ యని చెప్పరాదు. ఇతర వ్యాధులును అట్టి నీడను చూపగలవు. కావున తెమడను ప్రయోగశాలకు పంపి, క్షయ క్రిములున్నవో లేవో చూచిరి.

1951వ సంవత్సరము నుండియే దేశమంతట ఈ టీకాను విస్తారముగా వేయుచుండిరి. మంచి ఫలితమే వచ్చునని పెక్కుమంది ఆశించిరి. కాని లెక్కలు తేల్చగా, పెద్దలకు ఊపిరితిత్తుల క్షయ నుండి దాని వలన రక్షణ కలుగలేదని తెలిసెను. పరిశోధకులు ఆ ఫలితమును దాచలేదు; 1979లో లోకమునకు వెల్లడించిరి. అయినను పసిబిడ్డలను మెదడు పొరలకు సోకు క్షయ వంటి ఘోరవ్యాధుల నుండి ఈ టీకా కాపాడునని ఇతర పరిశీలనలు తెలుపుచున్నవి. అందుచేతనే నేటికిని పుట్టిన బిడ్డలకు దానిని వేయుచున్నారు.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి విజృంభించినపుడు, హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన కోవాగ్జిన్ టీకాకును ఈ పరీక్ష తప్పలేదు. దేశములోని 25 కేంద్రములలో 25,798 మంది స్వచ్ఛందముగా ముందునకు వచ్చిరి. ఆ కేంద్రములలో గుంటూరొకటి. తమలో సగము మందికి టీకా అందదని తెలిసియే వారు చేయి చాచిరి. రెండవ మోతాదు పిదప రెండు వారములు గడచిన తరువాత, వ్యాధి లక్షణములు కనిపించి, ప్రయోగశాలలో రూఢియైనవారు 130 మంది. రహస్యము విప్పి చూడగా, వారిలో టీకా పొందినవారు 24 మంది, పొందనివారు 106 మంది. టీకా 77.8 శాతము రక్షణ నిచ్చినదని పరిశోధకులు లెక్కకట్టిరి.

మిరప బస్తాను తూచునపుడు త్రాసు అమ్మువాని మొగమును చూడదు, కొనువాని మొగమును చూడదు. చెంగల్పట్టులో ఆశించిన ఫలితము రాలేదు. కోవాగ్జిన్ విషయమున వచ్చినది. రెండు చోట్లను త్రాసు ఒక్కటియే. అది ఒకనాడు ‘కాదు’ అని చెప్పగలిగినది గనుకనే, మరియొకనాడు ‘అవును’ అన్నపుడు ఆ మాటను నమ్మగలుగుచున్నాము.