అమ్మ మందులూ, ఫస్ట్ నార్మల్ ఫారమూ

కిందటేడు అమ్మ సెరంగూన్‌లో మా ఇంటికి రెండు నెలలుందామని వచ్చింది. పదో రోజు పొద్దున్నే చెమటలు పట్టి, చేతులు వణుకుతూ కూర్చుంది. ఇక్కడ కొన్న గ్లూకోమీటరు 3.1 చూపించింది. ఇంటి దగ్గర 140, 160 చూసిన కళ్ళకి మీటరు చెడిపోయిందనిపించింది. సింగపూరులో షుగరుని మిల్లీమోల్స్‌లో కొలుస్తారు. 18తో గుణిస్తే మన మిల్లీగ్రాముల లెక్క వస్తుంది. అంటే సుమారు 56! 70 కన్నా తగ్గితేనే కంగారు పడాలి. పంచదార నీళ్ళు తాగించాక తేరుకుంది.

తప్పు నాదే. అమ్మ తెచ్చుకున్నది మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన జంట మాత్ర. ఇక్కడి డాక్టరు అడిగితే నాకు తెలిసిన ఒక్క పేరూ, మెట్‌ఫార్మిన్ అని చెప్పాను. ఆయన గ్లిమెపిరైడ్ కలిపారు. నా ఫోనులో అలారం మాత్రం రెంటికీ ఠంచనుగా మోగింది.

డేటాబేసు క్లాసులో మొదట్లోనే చెబుతారు కదా, ఒక గడిలో ఒకే విలువ ఉండాలని. జంట మాత్రకి షీటులో రెండు వరుసలు కావాలి. బ్రాండు పేరు ప్రైమరీ కీగా పనికిరాదు: మన క్రోసిన్, ఇక్కడి పనడాల్, అమెరికా టైలెనాల్ ఒకటే మందు. జెనరిక్ పేరునీ పూర్తిగా నమ్మలేం, పారాసెటమాల్‌ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ఏటీసీ కోడ్ వాడండి. మెట్‌ఫార్మిన్ ఏ10బీఏ02, గ్లిమెపిరైడ్ ఏ10బీబీ12. ఏ10తో మొదలయ్యేవన్నీ షుగరు మందులే. గూగుల్ షీట్‌లో కౌంట్ఇఫ్ పెడితే ఒకే కోడ్ రెండుసార్లు వచ్చినచోట ఎర్రబడుతుంది. ఎర్రబడితే మీరే మాత్ర ఆపెయ్యకండి, డాక్టరుకి చూపించండి.

ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల మందుల వివరాలు హెల్త్‌హబ్‌లో కనిపిస్తాయి. కానీ చూపు కోసం వచ్చిన అమ్మానాన్నలకి సింగ్‌పాస్ ఉండదు కాబట్టి మన షీటే గతి.

అలారం మోగడం వేరు, మందు వేసుకోవడం వేరు. అమ్మ అలారం ఆపేసి పప్పు తాలింపు పెట్టుకునే మనిషి. అందుకని ఏడు రోజుల గళ్ళ డబ్బా కొన్నాను. ఖాళీ గడే నాకు ఎక్‌నాలెడ్జ్‌మెంటు. మరిచిపోతే రీట్రై చెయ్యకూడదు, అంటే తర్వాతి పూట రెండూ కలిపి మింగడం. మన భాషలో ఇది అట్ మోస్ట్ వన్స్ డెలివరీ.

ఊరికి తిరిగి వెళ్ళాక టైం జోన్ గొడవ ఉంటుంది. ఇండియా మనకి రెండున్నర గంటలు వెనక. క్యాలెండరు రిమైండరుని ఆసియా/కోల్‌కతాకే కట్టెయ్యండి. అమెరికాలో ఉన్నవాళ్ళైతే మరీను, ఏడాదికి రెండుసార్లు గడియారాలు మారతాయి.

షీటు ప్రింటొకటి ఇప్పుడు అమ్మ పాస్‌పోర్టు కవరులో ఉంటుంది. మీటరు వెనక "18తో గుణించు" అని తెలుగులో చీటీ అంటించాను.