ఇంగ్లీషు సర్వనామాలు – మన తెలుగు నాలుక

నేను బి.ఏ. మొదటి సంవత్సరం చదివే రోజుల్లో మా కాలేజీలో ఇంగ్లీషు అసోసియేషన్ సభ జరిగింది. ముఖ్య అతిథిగా వచ్చిన లేడీ ప్రొఫెసర్ గారిని సభకు పరిచయం చేసే భాగ్యం నాకు దక్కింది. రెండు రాత్రులు కూర్చుని బట్టీ పట్టాను. తీరా మైకు ముందు నిలబడి మూడు వాక్యాలు చెప్పేసరికి, మూడింటిలోనూ ‘షి’కి బదులు ‘హి’ దొర్లింది. హాలంతా గొల్లున నవ్వింది. ‘వీడికి ఆడా మగా తేడా తెలీదురా’ అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. ఆ తర్వాత ఏడాది పాటు నేను ఇంగ్లీషులో నోరెత్తితే ఒట్టు.

ఇప్పుడు అదే ఇంగ్లీషు పాఠం చెప్పుకుని బ్రతుకుతున్నాను. ఏటేటా పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో అదే తప్పు, దాని మీద అదే నవ్వు, ఆ తర్వాత అదే మౌనం చూస్తున్నాను. ఈ తప్పులు తెలివితక్కువతనం వల్ల వచ్చేవి కావు. చాలావరకు మన తెలుగు వ్యాకరణాన్ని బుద్ధిగా పాటించడం వల్ల వచ్చేవి. ఎలాగో చూద్దాం.

మొదట నా తప్పే తీసుకోండి. ‘మాస్టారు వచ్చారు’, ‘మేడం గారు వచ్చారు’. రెండు చోట్లా క్రియ ఒకటే. గౌరవం ఇచ్చేచోట తెలుగు క్రియ ఆడా మగా అని అడగదు. ఆ అలవాటుతో పెరిగిన నాలుక తొందరలో ముందు దొరికిన ‘హి’ని పట్టుకుంటుంది. కొందరు ఆ గౌరవాన్ని ఇంగ్లీషులోకీ మోసుకెళ్ళి, ‘మై ఫాదర్ హ్యాజ్ కమ్, దే ఆర్ వెయిటింగ్’ అంటారు. ఒక్క మనిషికి ‘దే’ వాడడం ఇంగ్లీషులోనూ 14వ శతాబ్దం నుంచీ ఉంది. కాని అది మనిషి ఎవరో తెలియనప్పుడు. ‘హి’, ‘షి’ రెండూ వద్దనుకునే వారికి కూడా ఈనాడు ‘దే’ వాడుతున్నారు. 2019లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు వారు ఆ సంవత్సరపు మాటగా దాన్నే ఎంచుకున్నారు. అయితే గౌరవార్థం మాత్రం ఇంగ్లీషులో ‘దే’ లేదు.

రెండోది, మనం మింగేసే ‘ఇట్’. ‘పుస్తకం తెచ్చావా?’ అంటే ‘తెచ్చాను’ అంటాం. తెచ్చింది ఎవరో చివరి ‘ను’ చెబుతుంది. తెచ్చింది ఏమిటో ప్రశ్నలోనే ఉంది. మనకు ఏ లోటూ లేదు. అదే ధోరణిలో ‘యెస్, ఐ బ్రాట్’ అని ఆగిపోతాం. ఇంగ్లీషు వాడికి అది చక్రం ఊడిన బండి. ‘ఐ బ్రాట్ ఇట్’ అనాలి. ‘వాన పడుతోంది’ అనడానికీ ‘ఇటీజ్ రైనింగ్’ అనాలి గాని ‘ఈజ్ రైనింగ్’ చెల్లదు.

మూడోది, ‘మా’. ఒక్కగానొక్క కొడుకైనా ‘మా నాన్న’ అనే అంటాడు. దాన్ని ‘అవర్ ఫాదర్’ అంటే, వినేవాడు అన్నదమ్ములు ఎంతమంది అని అడుగుతాడు. ‘మై ఫాదర్’ అనడానికి మొహమాటపడనక్కరలేదు.

ఇక ‘ఐ’, ‘మి’ తగాదా. ‘మి అండ్ రవి వెంట్’ సరైనదా? రవిని కాసేపు పక్కకు తప్పించండి. ‘మి వెంట్’ అనం కదా! కనుక ‘రవి అండ్ ఐ వెంట్’. ‘హి కాల్డ్ రవి అండ్ ఐ’ అన్నా అదే పరీక్ష. అక్కడ ‘మి’యే నిలుస్తుంది. ‘బిట్వీన్ యు అండ్ ఐ’ అని పొరపడేవారు ఇంగ్లీషు మాతృభాషగా గలవారిలోనే బోలెడు మంది. ‘మైసెల్ఫ్ రామారావు’ మాత్రం మన సొంత సరుకు. ‘ఐయామ్ రామారావు’ అంటే చాలు.

లోటు మనవైపే ఉందనుకోకండి. ‘మేము సినిమాకి వెళ్తున్నాం’ అంటే నువ్వు రావడం లేదని. ‘మనం’ అంటే నువ్వూ రావాలని. ఇంగ్లీషు ‘వి’ ఒక్క మాటలో ఆ తేడా చెప్పలేదు. ‘రాము సోముకి తన పుస్తకం ఇచ్చాడు’ అంటే పుస్తకం రాముది. ‘హిజ్ బుక్’ అంటే ఎవరిదో విడిగా అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇంకొక్క సంగతి. తెలుగులో ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ – క్రియ ఒకటే. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మహత్తు, మహతి, అమహత్తు అని వర్గాలు చేసి మరీ చెప్పాడు. బహువచనంలోనేమో ఆడవాళ్ళు మగవాళ్ళ సరసన చేరి ‘వచ్చారు’ అవుతారు. అంతమాత్రాన తెలుగువాళ్ళకి ఆడమనిషికీ ఆవుకీ తేడా తెలియదని ఎవరైనా అంటారా? మరి ‘హి’ అన్న కుర్రవాడిని చూసి నవ్వడం ఏం న్యాయం?

సోదర విద్యార్థులకు నా మనవి ఒక్కటే. తప్పు వినిపిస్తే నవ్వకండి. సరైన మాట మెల్లగా అందించండి. తప్పు మీదే అయితే దిద్దుకుని, ఆ వాక్యాన్నే మళ్ళీ చెప్పండి. ఆనాడు ఆ హాల్లో ఒక్కరు నాకు ‘షి’ అని అందించి ఉంటే, ఒక ఏడాది నోరు నాకు మిగిలేది.