పిల్లల ఊళ్లో స్థిరపడే ముందు: చలీ, ఎండా, నెల ఖర్చూ తూచుకోవడానికి పది చిట్కాలు

ఉద్యోగ విరమణ అయ్యాక మావారూ నేనూ రాజమండ్రి నుంచి అమెరికాలోని మినియాపోలిస్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి మొదటిసారి జూన్‌లో వెళ్లాం. రాత్రి తొమ్మిదింటిదాకా వెలుతురు, సరస్సు చుట్టూ నడక, పెరట్లో కోడలు వేసిన గోంగూర. "ఇక ఇక్కడే ఉండిపోదాం" అన్నారాయన. రాజమండ్రి ఇల్లు అమ్మేద్దామా అన్నదాకా వచ్చింది.

రెండోసారి జనవరిలో వెళ్లాం. ఉదయం ఏడున్నరకీ తెల్లారదు, సాయంత్రం ఐదుకల్లా చీకటి. ఒకరోజు వాకిలి తడిసినట్టు కనిపిస్తే నీళ్లే కదా అని ఆయన అడుగు వేశారు. అది నీళ్లు కాదు, గడ్డకట్టిన మంచు. ఎముక విరగలేదు గానీ, మూడు వారాలు గుమ్మం దాటలేదు. ఆ మూడు వారాల్లో ఆయన పక్కన కూర్చుని నోటు పుస్తకంలో రాసుకున్నవే ఈ చిట్కాలు. పిల్లల దగ్గర ఉండిపోవాలనుకునే ప్రతి ఇంటికీ పనికొస్తాయని రాస్తున్నాను.

1. ఆ ఊరు కష్టపెట్టే నెలలోనే వెళ్లి చూడండి.
మనవాళ్లంతా మే, జూన్‌లలో వెళ్లి, చెట్ల రంగులు మారేదాకా ఉండి వస్తారు. అది పండగ పూట చూసిన చుట్టాలిల్లు లాంటిది. మినియాపోలిస్‌లో జనవరి పగటి ఉష్ణోగ్రత సగటున మైనస్ 4, 5 డిగ్రీలు. రాత్రి మైనస్ 13. డాలస్ అయితే జులై, ఆగస్టుల్లో చూడాలి. దుబాయ్ అయితే ఆగస్టులో. ఆ నెలలో కనీసం నాలుగు వారాలు ఉండగలిగితే మిగతా ఏడాది గురించి బెంగ అక్కర్లేదు.

2. థర్మామీటరుతో పాటు మీ ఒంటినీ అడగండి.
మోకాళ్ల నొప్పులు, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు వెళ్లేముందే డాక్టరుతో ఊరి పేరు చెప్పి మాట్లాడాలి. ఎండలోనూ తేడాలున్నాయి. ఫీనిక్స్‌ది పొడి ఎండ, హ్యూస్టన్‌ది విశాఖలా ఉక్కపోత. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. విజయవాడ ఎండ చూసినవాళ్లం, మనకేం అనుకోవద్దు. అరవై దాటాక ఒంటికి దాహం తెలియడం తగ్గుతుంది.

3. వెలుతురు ఎంతసేపుంటుందో చూడండి.
కెనడాలోని ఎడ్మంటన్‌లో డిసెంబరు చివర పగలు ఏడున్నర గంటలే. నిద్ర చెడుతుంది, మనసు ముడుచుకుపోతుంది. మనలాంటి చామనఛాయ ఒంటికి అలాంటిచోట డి విటమిన్ చాలడం కష్టం. వెళ్లకముందు ఒకసారి, శీతాకాలం ముగిశాక ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి.

4. ఇంటి గోడల ఖర్చు కూడా వాతావరణం ఖర్చే.
చలి ఊళ్లో హీటింగ్ బిల్లు, ఎండ ఊళ్లో ఏసీ బిల్లు. ఏడాది బిల్లులన్నీ అడిగి తీసుకుని పన్నెండుతో భాగించండి. వాకిట్లో మంచు ఎవరు తీస్తారో, పడకగది కిందే ఉందో మేడమీద ఉందో చూడండి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని సంతోషిస్తాం గానీ, ఇంటి పన్ను ఎక్కువ. వెచ్చని రాష్ట్రమనుకున్న చోటే 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. దుప్పట్లు, టార్చి, వారానికి సరిపడా మందులు ఎక్కడున్నా సిద్ధంగా ఉంచుకోండి.

5. వచ్చేది రూపాయల్లో, పోయేది డాలర్లలో అయితే ఆ లెక్క వేరే రాయండి.
నెలకు 60 వేల రూపాయల పింఛను అనుకుందాం. 2010లో డాలరు సుమారు 45 రూపాయలు. ఆ పింఛను 1,300 డాలర్లు దాటేది. 2024లో డాలరు 83 రూపాయలు దాటింది. అదే 60 వేలు 720 డాలర్లే. కరువు భత్యం పెరుగుతుంది, నిజమే. కానీ అది మన ఊరి ధరలను చూసి పెరుగుతుంది, అక్కడి ధరలను చూసి కాదు. పదేళ్ల తరవాత మీ పింఛను విలువ అక్కడ మూడోవంతు తగ్గినా ఇల్లు గడుస్తుందా అని ఇప్పుడే వేసి చూడండి.

6. వైద్యం ఖర్చును మొదటి వరసలో రాయండి.
ఇది నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పే మాట. అమెరికాలో 65 నిండినంతమాత్రాన మెడికేర్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్య బీమా, రాదు. పిల్లల ద్వారా గ్రీన్ కార్డు తీసుకుని వెళ్లినవారు సాధారణంగా ఐదేళ్లు వరసగా అక్కడ ఉన్నాకే చేరగలరు. అక్కడ ఉద్యోగం చేయనివారు ఆసుపత్రి భాగానికి, అంటే పార్ట్ ఎకు, ప్రీమియం కట్టాలి. 2025లో అది మనిషికి నెలకు 518 డాలర్లు, డాక్టరు ఫీజుల పార్ట్ బికి మరో 185. దంపతులకు కలిపి 1,406 డాలర్లు. మందుల ప్లాను, పళ్ల వైద్యం వేరే. మన ఊరికి వచ్చినప్పుడు ఇక్కడి ఆసుపత్రి బిల్లు మెడికేర్ ఇవ్వదు.
తల్లిదండ్రులకిచ్చే కెనడా సూపర్ వీసాతో ఒక్కో విడతకు ఐదేళ్లదాకా ఉండవచ్చు. కానీ కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా చూపించాలి. విజిటర్ బీమా తీసుకునేవారు, పాత బీపీ, షుగరు, గుండె జబ్బులకు ఎంతవరకు చెల్లిస్తారో కాగితం మీద చదివాకే డబ్బు కట్టండి.

7. ఒక్క నెల ఖర్చు పైసాతో సహా రాయండి.
అబ్బాయి ఇంట్లోనే ఉంటున్నాం, మాకేం ఖర్చు అనిపిస్తుంది. నేను ఒక నెల రాశాను: సోనా మసూరి, కందిపప్పు, చింతపండు, మాత్రలు, చెప్పులు, గుడికి వెళ్లిరావడానికి కారు, ఫోను, పెళ్లిళ్ల చదివింపులు. చివర్లో రెండేళ్లకోసారి ఊరికి వచ్చే విమానం టికెట్లను నెలల మీద పంచి కలిపాను. ఆ ఒక్క వరసే కిరాణా ఖర్చుతో సమానంగా తేలింది.

8. కారు లేకుండా ఎక్కడికి వెళ్లగలరో నడిచి చూడండి.
న్యూజెర్సీ ఎడిసన్‌లోని ఓక్ ట్రీ రోడ్డు దగ్గర ఉంటే, చలి ఉన్నా నాలుగడుగుల్లో మన కొట్టు, మన మనుషులు. డాలస్ శివారులో చలి తక్కువే గానీ, పాల డబ్బాకీ కారు తీయాలి. వాతావరణం ఎంత బాగున్నా, ఎవరో తీసుకెళ్తే తప్ప కదలలేని ఊళ్లో మనిషి ముసలివాడైపోతాడు.

9. వీసా ఖర్చునూ, కాగితాలనూ లెక్కలోకి తీసుకోండి.
ఆస్ట్రేలియాలో డబ్బు కట్టి శాశ్వతంగా ఉండే తల్లిదండ్రుల వీసాకు మనిషికి 40 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు దాటుతుంది. పిల్లలున్న దేశం కాకుండా చవకైన చోటు వెతికేవారికి థాయిలాండ్ తగులుతుంది. అక్కడ 50 ఏళ్లు నిండినవారు బ్యాంకులో 8 లక్షల బాత్ గానీ, నెలకు 65 వేల బాత్ ఆదాయం గానీ చూపించాలి. చియాంగ్ మై డిసెంబరులో హాయిగా ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు కాల్చే పొగ కమ్ముకుంటుంది. ఊపిరితిత్తుల జబ్బున్నవారు ఆ నెలల్లోనే చూడాలి.
మన దేశంలో వచ్చే పింఛనుకు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మరిచిపోవద్దు. ఎన్నారై అయ్యాక మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చాలి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో కొత్తగా చేరే వీలుండదు.

10. ఇల్లు అమ్మకండి. రెండేళ్లు అద్దెకివ్వండి, లేదా తాళం వేసి ఉంచండి.
మొదట సగం ఏడాది అక్కడ, సగం ఇక్కడ ఉండి చూడండి. గ్రీన్ కార్డు తీసుకున్నాక మాత్రం ఇలా తిరగడం చిక్కు. ఏడాది మించి బయట ఉండాలంటే ముందే రీ-ఎంట్రీ పర్మిట్ కావాలి. ఆరు నెలలు దాటినా ప్రశ్నలు వస్తాయి.

మేము చివరికి ఇలా కుదుర్చుకున్నాం: మంచు కరిగాక మేలో విజిటర్ వీసాతో వెళ్లి, అక్టోబరు చివర్లో వచ్చేస్తాం. మా ఎండాకాలంలో సగం తప్పుతుంది, వాళ్ల చలికాలం మొత్తం తప్పుతుంది. ఆ నోటు పుస్తకం అబ్బాయికీ చూపించాను. రాత్రి భోజనాలయ్యాక వాడు ప్రతి వరసా చదివి, బీమా దగ్గర ఆగిపోయి, "అమ్మా, ఇది నేను లెక్కేసుకోలేదు" అన్నాడు. మీరూ ఆ పుస్తకాన్ని పిల్లలతో కూర్చునే రాయండి. ప్రేమతో రమ్మనే పిల్లలకు నిజం లెక్క చెప్పడం కూడా ప్రేమే.